గర్భసంచి ఆపరేషను: మూత్రాశయం మీద, దాంపత్య జీవితం మీద దాని ప్రభావం

ఆంధ్రదేశంలో "గర్భసంచి ఆపరేషను" అన్న మాట వినని ఇల్లు అరుదు. 2015-16 లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భాశయం తీసివేయబడినవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. అస్సాంలో నూటికి ఒకరు కూడా లేరు. 2019-21 లో జరిగిన అయిదవ సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. నాలుగవ సర్వేలో ఆపరేషను నాటి వయసుకు దేశమంతటికీ కట్టిన మధ్యగత విలువ 34 ఏండ్లు. అనగా ఆపరేషను అయినవారిలో సగం మందికి ఆ వయసులోపే అయిందన్నమాట. ఈ సర్వే 49 ఏండ్లతో ఆగిపోతుంది. ఆ తరువాత ఆపరేషను చేయించుకొన్నవారు లెక్కలోకి రారు గనుక ఈ విలువ కొంత తగ్గి కనిపిస్తుందని గణితం చెప్పే ఉపాధ్యాయులు వెంటనే గుర్తిస్తారు. అది నిజమే. అయినా 34 ఏండ్లలోపు వారు అంతమంది ఉన్నారన్న సంగతి దానితో మారదు.

అనకాపల్లి వంటి ఊళ్లలో జీవశాస్త్రం చెప్పేవారిని ఈ విషయం అడగడానికి వచ్చేవారు తరచు ఉంటారు. డాక్టరుగారిని అడగటానికి మొగమాటం. మాస్టారినైతే చాటుగా అడగవచ్చు. అడిగేవి రెండే భయాలు. ఆపరేషను అయినాక మూత్రం ఆగదంటారు, నిజమేనా? భార్యాభర్తల కాపురానికి ఇబ్బంది వస్తుందంటారు, నిజమేనా? ఈ మధ్య మూడో ప్రశ్న కూడా చేరింది. పొట్ట కోసి తీయటం, క్రిందనుండి తీయటం, చిన్న రంధ్రాలగుండా గొట్టాలు పెట్టి తీయటం: వీటిలో ఏది మంచిది? పద్ధతి మారితే ఆ రెండు భయాలూ తప్పుతాయా?

దీనికి జవాబు తెలియాలంటే ముందుగా గర్భాశయానికి ఇరుగుపొరుగు ఎవరో చూడాలి.

గర్భాశయపు ఇరుగుపొరుగు

గర్భాశయం తలక్రిందులుగా ఉంచిన బేరిపండు ఆకారంలో, సుమారు ఏడున్నర సెంటీమీటర్ల పొడవుతో ఉంటుంది. లావుపాటి పైభాగాన్ని దేహమని, సన్నని క్రిందిభాగాన్ని గ్రీవమని అంటారు. గ్రీవం చివర యోనిలోకి తెరుచుకొంటుంది. దీనికి ముందు మూత్రాశయం, వెనుక పురీషనాళం ఆనుకొని ఉంటాయి. గర్భాశయం దేనిమీదా కూర్చొని ఉండదు. పల్లెటూరి ఇంట్లో ఉట్టిమీద కుండ తాళ్ల ఆధారంతో నిలిచినట్లు, గ్రీవం దగ్గర రెండు ప్రక్కలనుండీ వెనుకనుండీ వచ్చి పట్టుకొనే బంధకాల ఆధారంతో ఇది నిలుస్తుంది. యోని పైభాగాన్నీ, కొంతవరకు మూత్రాశయపు అడుగునూ నిలబెట్టేవి కూడా ఈ తాళ్లే. కుండను తీసివేసేటప్పుడు తాళ్లను కోయక తప్పదు. అందుకే శస్త్రవైద్యుడు కోసిన తాళ్ల కొనలను తిరిగి యోని పైభాగానికి కలిపి కుడతాడు.

మూత్రపిండాలనుండి మూత్రాన్ని తెచ్చే నాళాలు రెండూ గ్రీవానికి ఇరుప్రక్కలా సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలోనే, గర్భాశయానికి రక్తం తెచ్చే ధమని క్రిందుగా పోతాయి. వంతెన క్రింద కాలువ అని వైద్య విద్యార్థులు దీనిని జ్ఞాపకం పెట్టుకొంటారు. ధమనిని ముడివేయబోయి కాలువను ముడివేసిన సంఘటనలు శస్త్రచికిత్స చరిత్రలో తక్కువేమీ కావు.

ఇక నాడులు. నడుము భాగపు వెన్నుపామునుండి దిగివచ్చే సహానుభూత నాడులు మూత్రాశయాన్ని వదులుగా ఉంచి నిండనిస్తాయి. త్రికాస్థిలోని రెండు, మూడు, నాలుగవ రంధ్రాలనుండి వచ్చే పరసహానుభూత నాడులు దానిని ముడుచుకొనేటట్లు చేసి మూత్రాన్ని బయటకు పంపుతాయి. దాంపత్య సమయంలో జననాంగాలకు రక్తం ప్రవహించి యోని తడి కావటానికి కారణం కూడా ఈ రెండవ తెగ నాడులే. ఈ రెండు తెగలూ గ్రీవానికి ఇరుప్రక్కలా చేరి వలవలె అల్లుకొంటాయి. మూడవది ప్యుడెండల్ నాడి. బాహ్య జననాంగాల స్పర్శజ్ఞానం, మూత్రాన్ని బిగబట్టే కండరం దీని అధీనంలో ఉంటాయి. ఇది కటి ఎముక ప్రక్కగా వేరే దారిన పోతుంది గనుక గర్భాశయం తీసే కత్తి దీని దాపులకు రాదు. దాంపత్య సుఖంలో ప్రధానమైన స్పర్శ గర్భాశయం తీసివేసిన తరువాత కూడా చెక్కుచెదరక ఉండటానికి కారణం ఇదే.

దారులు వేరు, తెగేవి ఒకటే

యోనిమార్గంగా గర్భాశయాన్ని తీయటం చాలా పాత పద్ధతి. జర్మనీలో లాంగెన్‌బెక్ అనే శస్త్రవైద్యుడు 1813 లోనే ఆ విధంగా చేశాడు. పొట్ట కోసి తీయటంలో తొలినాళ్ల రోగులు చాలామంది మరణించారు. 1853 లో అమెరికాలో బర్న్‌హామ్ అనే వైద్యుని చేతిలో ఒక స్త్రీ బ్రతికి బయటపడింది. ఆ రోజులలో దేహాన్ని మాత్రమే తీసి గ్రీవాన్ని వదిలివేసేవారు. గ్రీవం కూడా తీస్తే యోనిలోని సూక్ష్మజీవులు పొట్టలోకి ప్రవేశిస్తాయి. వాటిని చంపే మందులు అప్పటికి లేవు. 1929 లో రిచర్డ్‌సన్ సంపూర్ణంగా తీసే పద్ధతిని వివరించిన తరువాత, ముఖ్యంగా పెన్సిలిన్ వంటి మందులు వచ్చిన తరువాత, గ్రీవంతో సహా తీయటం మామూలయింది. మిగిలిన గ్రీవానికి పుట్టకురుపు వచ్చే ప్రమాదం ఉండదన్నది అందుకు చెప్పిన కారణం. 1988 లో అమెరికాలో హారీ రీచ్ లాపరోస్కోపు అనే దర్శినితో, చిన్న రంధ్రాలగుండా పనిచేసి గర్భాశయాన్ని తీశాడు.

ఇన్ని దారులు ఉన్నా, కాన్సరు కాని సామాన్య వ్యాధులకు చేసే ఆపరేషనులో కత్తి గర్భాశయపు గోడను అంటిపెట్టుకొనే నడుస్తుంది. పొట్టనుండి వచ్చినా, క్రిందనుండి వచ్చినా, రంధ్రంనుండి వచ్చినా లోపల తెగే బంధకాలూ రక్తనాళాలూ దాదాపు ఒకటే. నాడుల వలలో అంచు పోగులు కొన్ని తెగవచ్చునుగాని వల నిలుస్తుంది. కనుక దారిని బట్టి మారేవి ముఖ్యంగా పుండు మానే కాలం, నొప్పి, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు. వీలయినచోట యోనిమార్గమే మేలన్నది నేటి వైద్యుల సామాన్యాభిప్రాయం. రోగి త్వరగా కోలుకొంటుంది, పొట్టమీద గాటుండదు, ఖర్చు కూడా తక్కువ. గొట్టాల ఆపరేషను కొత్తది గనుక అన్నింటికంటె గొప్పదని మన పట్టణాలలో ఒక నమ్మకం ప్రబలింది. దానికి ఆధారం ప్రకటన బోర్డులలో ఉన్నంత బలంగా శాస్త్రంలో లేదు.

గ్రీవాన్ని మిగిల్చితే మేలా?

నాడుల వల ఉండేది గ్రీవం ప్రక్కన. ఉట్టితాళ్లు పట్టుకొనేది గ్రీవాన్ని. కాబట్టి గ్రీవాన్ని వదిలిపెట్టి దేహాన్ని మాత్రం తీస్తే మూత్రాశయమూ దాంపత్య సుఖమూ రెండూ చెడకుండా ఉంటాయి కదా? వినటానికి ఎంతో సబబుగా ఉన్న తర్కం. 1983 లో ఫిన్లండు దేశపు కిల్కూ ఈ రెండు రకాల ఆపరేషనులనూ పోల్చి, గ్రీవం ఉంచిన స్త్రీలలో కలయికలోని పరాకాష్ఠ తృప్తి తక్కువగా దెబ్బతిన్నదని ప్రకటించాడు. దానితో పాత పద్ధతికి మళ్లీ గిరాకీ వచ్చింది.

అయితే కిల్కూ పోలికలో ఒక లోపం ఉన్నది. ఎవరికి ఏ ఆపరేషను అన్నది చీటీలు వేసి నిర్ణయించింది కాదు. రెండు జట్లలోని స్త్రీలు ముందునుండే వేరువేరు స్థితులలో ఉండి ఉండవచ్చు. రెండు ఎరువులను పోల్చదలచిన రైతు ఒకదానిని పల్లపు చేనికి, ఇంకొకదానిని మెరక చేనికి వేస్తే, పంటలోని తేడా ఎరువుదో నేలదో ఎట్లా చెప్పగలడు? వైద్య పరీక్షలలో చీటీలు వేయటం ఈ చిక్కును తప్పించటానికే.

ఆ విధమైన పరీక్షను లండనులో రాణీ థాకర్, ఆమె సహచరులు జరిపి 2002 లో ఫలితాలు ప్రకటించారు. సామాన్య వ్యాధులున్న 279 మంది స్త్రీలను చీటీలు వేసి రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు గ్రీవంతో సహా, రెండవ జట్టుకు గ్రీవాన్ని ఉంచి ఆపరేషను చేశారు. తనకు ఏది జరిగిందో రోగికి చెప్పలేదు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుంది గదా. ఒక సంవత్సరం తరువాత చూస్తే మూత్ర సమస్యలు రెండు జట్లలోనూ తగ్గాయి. దాంపత్య విషయంలో రెండింటికీ తేడా కనిపించలేదు. గ్రీవం ఉంచినవారిలో నూటికి సుమారు ఏడుగురికి నెలనెలా కొద్దిగా రక్తం కనిపించటం మాత్రం కొనసాగింది.

మరుసటి ఏడు డెన్మార్కులో 319 మందితో జరిగిన పరీక్ష ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఏడాది తరువాత మూత్రం ఆపుకోలేనివారు గ్రీవం తీసినవారిలో నూటికి 9 మంది ఉండగా, గ్రీవాన్ని ఉంచినవారిలో 18 మంది ఉన్నారు! తర్కం చెప్పినదానికి ఇది సరిగా వ్యతిరేకం. తరువాత 2012 లో ఇటువంటి తొమ్మిది పరీక్షలను, మొత్తం 1553 మంది స్త్రీల ఫలితాలను, కలిపి చూచినప్పుడు మూత్ర విషయంలోగాని దాంపత్య విషయంలోగాని ఏ వైపుకూ మొగ్గు తేలలేదు. గ్రీవాన్ని ఉంచుకొన్నవారికి గ్రీవ కాన్సరు పరీక్షలు మాత్రం తప్పవు. ఈ సంగతి ఆసుపత్రి వదిలే రోజున చెప్పకపోతే తరువాత చెప్పేవారుండరు.

సుఖం తగ్గుతుందా, పెరుగుతుందా?

2003 లో నెదర్లండ్సులోని 13 ఆసుపత్రులలో 413 మంది స్త్రీలను ఆపరేషనుకు ముందూ, ఆరు నెలల తరువాతా ప్రశ్నించారు. యోనిమార్గం, పొట్టమార్గంలో గ్రీవంతో, గ్రీవం లేకుండా: మూడు పద్ధతులలోనూ దాంపత్య తృప్తి సగటున పెరిగింది. అయినా బాధపెట్టే సమస్య ఒకటైనా మిగిలినవారు వరుసగా నూటికి 43, 39, 41 మంది ఉన్నారు. తృప్తి పెరిగిందన్న మాటతోపాటు ఈ అంకెలను కూడా చెప్పకపోవటం న్యాయం కాదు. అమెరికాలో మేరీలండ్ రాష్ట్రంలో జరిగి 1999 లో వెలువడిన పరిశీలనలో, కలయికలో తరచు నొప్పి కలిగేవారు ఆపరేషనుకు ముందు నూటికి 18.6 మంది ఉండగా రెండేండ్ల తరువాత 3.6 మంది మాత్రమే ఉన్నారు.

ఒక అవయవం పోతే సుఖం ఎట్లా పెరిగింది? రహస్యమేమీ లేదు. వారిలో చాలామంది నెలలో పదిహేను రోజులు రక్తస్రావంతో, కంతుల బరువుతో, నొప్పితో ఉన్నవారు. ఆ బాధ పోయింది. గర్భం వస్తుందన్న భయం పోయింది. తృప్తి పెరగటం బాధ తొలగినందువల్ల వచ్చిన ఫలితమే.

ఈ సంగతి మన రాష్ట్రానికి వర్తింపజేసేటప్పుడు మిక్కిలి జాగ్రత్త కావాలి. ఐరోపా, అమెరికా పరిశీలనలలోని స్త్రీలు చాలావరకు నలభై దాటినవారు, నిర్ధారితమైన వ్యాధి ఉన్నవారు. తెల్లబట్ట అవుతున్నదని, గ్రీవం మీద పుండు ఉన్నదని, "రేపు కాన్సరుగా మారుతుంది" అని భయపెడితే ముప్పై ఏండ్లకే ఆపరేషనుకు ఒప్పుకొన్న స్త్రీకి ఆ అంకెలు వర్తించవు. తెల్లబట్ట కాన్సరుగా మారదు. అది చాలావరకు మందులతో నయమయ్యేది, లేదా అసలు వ్యాధే కానిది. తొలగటానికి పెద్ద బాధ లేనిచోట పెరగటానికి సుఖమూ లేదు, మిగిలేది నష్టమే. అధిక రక్తస్రావానికి కూడా ట్రానెక్సామిక్ ఆమ్లపు మాత్రలు, హార్మోను మాత్రలు, గర్భాశయంలో ఉంచే హార్మోను సాధనం వంటి మార్గాలు ఉన్నాయి. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది అన్న మాట మన పెద్దలలోనేగాక కొందరు చదువుకొన్నవారిలో కూడా వినిపించటం విచారకరం. అనవసరమైన గర్భాశయ శస్త్రచికిత్సల మీద 2013 లో దాఖలయిన పిటిషనును విచారించి, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర ఆరోగ్యశాఖ 2022 లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలులోకి తేవాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో పర్యవేక్షణ సంఘాలు ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మూత్రం మాట

మూత్ర సమస్యలను కాలాన్ని బట్టి చూడాలి. వారం రెండు వారాలలో, ఎప్పుడు పడితే అప్పుడు, నిద్రలో కూడా యోనిగుండా మూత్రం కారుతున్నదంటే మూత్రాశయానికో మూత్రనాళానికో గాయం తగిలి దారి ఏర్పడిందని అనుమానించాలి. ఇది అరుదు, మరల ఆపరేషనుతో బాగుచేయవచ్చు. సిగ్గుపడి ఇంట్లో దాచుకోవలసినది మాత్రం కాదు.

దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు కొద్దిగా మూత్రం పడటం వేరు సంగతి. దీనికి వెంటనే కాక ఏండ్లమీద లెక్క చూడాలి. స్వీడన్‌లో 1973 నుండి 2003 వరకు ఆపరేషను అయిన 1,65,260 మందిని, కానివారు 4,79,506 మందితో పోల్చారు. మూత్రం పడే బాధకు శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చినవారు, ఆపరేషను కానివారిలో ఏడాదికి లక్షకు 76 మంది, అయినవారిలో 179 మంది. ఏ పద్ధతిన చేసినా ఈ పెరుగుదల కనిపించింది. రెండింతలకు పైగా అంటే గుండె గుభేలుమంటుంది. లక్షలో నూరుమంది అంటే అంత కాదు. రెండూ ఒకే అంకెలే. పైగా ఇవి చీటీలు వేసిన పరీక్షలు కావు. ఎక్కువ కాన్పులు అయినవారే ఈ జట్టులో ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది. అయినా ముప్పై ఏండ్లకు ఆపరేషను అయి, ఇంకా నలభై ఏండ్లు బ్రతకవలసిన స్త్రీకి, పైగా చెరకు తోటలో మోపులెత్తే స్త్రీకి, ఈ లెక్కను ముందుగా చెప్పకపోవటం తగదు.

పద్ధతిని బట్టి నిజంగా తేడా వచ్చే చోటు ఒకటున్నది. గ్రీవ కాన్సరుకు 1898 లో వియన్నాలో వర్ట్‌హైమ్ ప్రారంభించిన విస్తృత శస్త్రచికిత్సలో గర్భాశయంతోపాటు ప్రక్కల కణజాలాన్ని కూడా వెడల్పుగా తీస్తారు. మనం చెప్పుకొన్న నాడుల వల ఉండేది ఆ కణజాలంలోనే. అందుచేత మూత్రాశయం నిండినట్లు తెలియకపోవటం, ముక్కినా మూత్రం రాకపోవటం, యోని పొడిబారటం దీని తరువాత ఎక్కువ. నాడులను వెదకి విడదీసి కాపాడే పద్ధతులను జపాను వైద్యులు ముందుగా ప్రారంభించారు. 2024 లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో, చిన్న దశలో ఉన్న గ్రీవ కాన్సరుగల 700 మంది స్త్రీలను చీటీలు వేసి, సగం మందికి సామాన్య ఆపరేషను, సగం మందికి విస్తృత ఆపరేషను చేశారు. మూడేండ్లలో కటిభాగంలో కాన్సరు తిరిగి వచ్చినవారు రెండు జట్లలోనూ నూటికి ముగ్గురిలోపే. కాని నాలుగు వారాలు దాటిన తరువాత మూత్రం బిగుసుకుపోయినవారు సామాన్య జట్టులో నూటికి 0.6 మంది, విస్తృత జట్టులో 9.9 మంది. శరీరనిర్మాణ శాస్త్రం చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది. గ్రీవాన్ని మిగల్చటంలో తప్పిన తర్కమే, నాడుల వలను మొత్తంగా కోసేచోట నిలబడింది!

అండాశయాల సంగతి

నా అభిప్రాయంలో పద్ధతిని గూర్చిన ప్రశ్నకంటె ముఖ్యమైనది, తక్కువగా అడగబడేది, అండాశయాలను ఉంచారా తీశారా అన్నది. గర్భాశయం పోతే బహిష్టు ఆగుతుందేగాని ఈస్ట్రోజన్ ఆగదు; అది అండాశయాలనుండి వస్తుంది. "ఎట్లాగూ పొట్ట తెరిచాము" అని వాటిని కూడా తీసివేస్తే ముప్పై ఏండ్ల స్త్రీకి ముట్లుడిగే దశ కొద్ది రోజులలోనే మీదపడుతుంది. మన దేశంలో అది సహజంగా వచ్చేది సుమారు 46 ఏండ్లకు. ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి, యోని పలుచబడి ఎండిపోవటం, దానివల్ల కలయికలో నొప్పి మొదలవుతాయి. మూత్రమార్గపు లోపలి పొర కూడా ఈస్ట్రోజన్ మీద ఆధారపడేదే గనుక మాటిమాటికీ మూత్రం, మంట వస్తాయి. కోరికకు తోడ్పడే పురుష హార్మోనులలో సుమారు సగం కూడా అండాశయాల నుండే వస్తుంది, అదీ పోతుంది. ఎముకలు త్వరగా గుల్లబారుతాయి. అండాశయాలను ఉంచినా కొంత ప్రభావం తప్పదు. న్యూజిలండులో అయిదేండ్లు జరిపిన పరిశీలనలో ఆపరేషను అయినవారికి ముట్లుడిగే దశ సగటున 3.7 ఏండ్లు ముందుగా వచ్చింది. అయినా కొన్నేండ్లు ముందుగా రావటానికీ, మరునాడే రావటానికీ చాలా తేడా ఉన్నది.

తమకు ఏమి తీశారో తెలియని స్త్రీలు మన గ్రామాలలో చాలామంది ఉన్నారు. ఆసుపత్రి ఇచ్చే విడుదల కాగితం ఇంట్లో ఉంటే పదో తరగతి పిల్లలు కూడా దానిని చదివిపెట్టవచ్చు. టి.ఎ.హెచ్. అని ఉంటే పొట్టమార్గాన గ్రీవంతో సహా గర్భాశయాన్ని తీశారని అర్థం. వి.హెచ్. అంటే యోనిమార్గాన, టి.ఎల్.హెచ్. అంటే లాపరోస్కోపుతో. దాని ప్రక్కన బి.ఎస్.ఓ. అన్న మూడు అక్షరాలు కూడా ఉంటే రెండు అండాశయాలనూ, అండవాహికలనూ తీసివేశారని అర్థం. అటువంటి స్త్రీ నలభై అయిదేండ్ల లోపు వయసుగలదైతే ఆవిర్లు, మంట, నొప్పి వంటి బాధలు ఉన్నా లేకున్నా స్త్రీవైద్యులకు ఆ కాగితాన్ని చూపించి, ఈస్ట్రోజన్ చికిత్స తనకు పనికివస్తుందేమో అడగవలసి ఉంటుంది. యోని పొడిబారటానికీ మూత్రపు మంటకూ పైపూతగా వాడే ఈస్ట్రోజన్ లేపనం కూడా ఉన్నది.